పికప్ ముక్కును ఎత్తిన రెండున్నర అంగుళాలు

నేను డిగ్రీ పట్టా తెచ్చుకున్న వారంలోనే మా ఇంట్లో చివరి మాట నాదైపోయింది. ఆ అధికారాన్ని నేను అడిగి తీసుకోలేదు. మా వంశంలో అంతవరకు పదో తరగతి దాటినవారు లేరు. బి.ఎస్సీ. పట్టా ఇంటికి వచ్చిన రోజున అమ్మ దానిని బీరువాలో బైబిలు పక్కనే పెట్టింది. ఆ తరువాత కరెంటు ఆఫీసు నుంచి వచ్చిన కాగితమైనా, చెల్లెలికి జ్వరం మందైనా, నాన్న ముందుగా నా ముఖం చూసేవారు. నేనొక మాట చెప్పేవాడిని. అది జరిగిపోయేది.

నాన్న భిలాయి ఉక్కు కర్మాగారంలో ఖలాసీగా ముప్పై ఏళ్లు పనిచేశారు. బరువులు ఎత్తించడం ఖలాసీల పని. క్రేను కొక్కేనికి ఇనుప తాళ్లు తగిలించి, మిల్లులోని పెద్ద పెద్ద రోలర్లను ఒకచోట ఎత్తి మరొకచోట దించే ముఠా అది. రాయ్‌పూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం ఏర్పడిన తొలి సంవత్సరాలలో ఆయన ముందుగానే ఉద్యోగ విరమణ తీసుకున్నారు. మేము కర్మాగారం వారి సెక్టర్ 7 క్వార్టరు ఖాళీ చేసి ఊరి అంచునున్న మరోదాలో అద్దె ఇంటికి మారాము. నాన్న సరుకులు మోసే ఒక పాత పికప్ బండి కొన్నారు. రాయ్‌పూర్ రాజధాని కావడంతో అక్కడికి వెళ్లే దారి పొడవునా ఇళ్లు లేస్తుండేవి. ఇంటి పిల్లర్లకు వాడే ఇనుప చువ్వలను చేరవేసే బండికి పని వెతుక్కోవలసిన అవసరం ఉండేది కాదు.

ఆ బండిలో ఒక లోపం ఉన్నట్లు నాకు తోచింది. ఖాళీగా నిలబడినప్పుడు దాని ముందు భాగం కిందికి వంగి, వెనుక భాగం పైకి లేచి కనిపించేది. వీధిలోని స్పీడు బ్రేకరు దిగేటప్పుడు ముందు బంపరు కింది రేకు గీసుకుపోయేది. పక్కింటి దీదీ ఆ శబ్దం విన్నప్పుడల్లా, "మీ గాడీ మళ్లీ నేలకి దండం పెట్టింది భయ్యా" అని నవ్వేది. ఆ నవ్వు నాకు గుచ్చుకునేది.

ఒక ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక నేను టేపు, రసమట్టం పట్టుకుని బండిని కొలిచాను. ముందు వైపు వెనుక కంటే రెండున్నర అంగుళాలు తక్కువగా ఉంది. గ్రాఫు కాగితం మీద బొమ్మ గీసి, కొలతలు వేసి, నాన్నకు చూపించాను. ఆయన కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసి, "బాగా గీసినావురా" అన్నారు.

మరునాడు సుపేలా బజారులో బండ్ల కమాన్లు, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీలు, బాగుచేసే షాపుకు వెళ్లాము. అక్కడి మిస్త్రీ భిలాయిలోనే పుట్టిన, మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవారి అబ్బాయి. మా పని విని మూడు మార్గాలు చూపించాడు. మొదటిది, ముందు కమాన్లలో అరిగిపోయిన పట్టీని మార్చడం. రెండవది, కమానుకూ ఇరుసుకూ మధ్య అంగుళం ఎత్తు ఇనుప దిమ్మలు పెట్టడం. మూడవది, అట్టపెట్టెలో వచ్చే, బండిని సమం చేసే లెవెలింగ్ కిట్. అందులో రెండున్నర అంగుళాల దిమ్మలు, వాటికి సరిపడే పొడుగు బోల్టులు ఉన్నాయి. నా కొలతకు అది అచ్చంగా సరిపోయింది. నేను ఆ పెట్టె మీద చేయి వేశాను.

మిస్త్రీ నా కాగితం వైపు చూసి అడిగాడు. "ఖాళీ బండి కొలిచినావా భయ్యా, లోడు బండి కొలిచినావా?"

"ఖాళీదే. లోడు ఎక్కితే మొత్తం బండి దిగుతుంది. తేడా అంతే ఉంటుంది" అన్నాను.

అతడు నాన్న వైపు చూశాడు. నాన్న గోడకు వేలాడుతున్న టైర్ల వైపు చూశారు.

"సరే. మీరు పఢే-లిఖే మనుషులు, చదువుకున్నోళ్లు. మేం నట్లు బిగించేటోళ్లం" అంటూ మిస్త్రీ పెట్టె విప్పాడు.

సాయంత్రానికి బండి రసమట్టంలోని బుడగ నడిమికి వచ్చినంత సమంగా నిలబడింది. స్పీడు బ్రేకరు దగ్గర చప్పుడు లేదు. దీదీ నవ్వలేదు. ఆ సంగతి నాకు ఎంత ఆనందాన్నిచ్చిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

తరువాతి ఉదయం రాయ్‌పూర్ దారిలోని కుమ్హారి అనే ఊరికి చువ్వల లోడు ఉంది. బయలుదేరడానికి సిద్ధమై వచ్చిన నన్ను చూసి నాన్న, "ఈయాల నువ్వు రాకురా. ఇంటికాడ ఉండు" అన్నారు.

"లోడుతో బండి ఎలా ఉంటుందో చూడాలి నాన్నా. వస్తాను."

"సూడ్డానికేటుంది? బండే గదా."

"ఎల్లనీయండి. ఆడు సూసుకుంటేనే నాకు దైర్యం" అని వంటింట్లోంచి అమ్మ అంది. నాన్న బండి తాళాలు అందుకున్నారు.

గోదాములో చువ్వలు ఎక్కించారు. అవి బండి తొట్టి కంటే పొడవు. వెనుక బారెడు బయటికి వేలాడతాయి. ఎక్కించడం పూర్తయ్యేసరికి బండి ముక్కు పైకి లేచింది. దీపాలు రోడ్డు వైపు కాక చెట్ల కొమ్మల వైపు చూస్తున్నాయి. "కొంచెం ఎత్తింది కదా" అన్నాను. "ఎత్తింది" అన్నారు నాన్న. ఆయన చువ్వలను క్యాబిన్‌కు బిగించి కట్టిన తాడు మీద మరొక తాడు కట్టారు. దారిలో ఎన్నడూ లేనంత మెల్లగా నడిపారు.

కుమ్హారికి కొంచెం ముందు రోడ్డు మరమ్మతు జరుగుతోంది. వాహనాలన్నీ పక్కనున్న మట్టిదారిలోకి దిగి, మళ్లీ గట్టెక్కి తారు రోడ్డు మీదికి వస్తున్నాయి. గట్టెక్కిన వెంటనే ఎడమకు తిప్పుకోవాలి. మేము ఎక్కుతుండగా వెనుక నుంచి చువ్వలు కదిలిన శబ్దం వినిపించింది. నాన్న స్టీరింగును ఎడమకు తిప్పారు. అది ఆయన చేతుల్లో సులువుగా తిరిగింది. బండి మాత్రం తిరగలేదు.

మేము నేరుగా రోడ్డు కుడి సగంలోకి, ఎదురుగా వస్తున్న లారీ మీదికి వెళ్తున్నాము. లారీ హారను మోగుతూనే ఉంది. నాన్న బ్రేకు వేయలేదు. యాక్సిలరేటరు మీది కాలు మాత్రం తీసేశారు. బండి వేగం తగ్గి, ముక్కు బరువుగా దిగి, చక్రాలు తారును పట్టుకున్నాయి. ఒక్కసారిగా ఎడమకు ఒరిగాము. లారీ నా కిటికీకి చేతి దూరంలో... కాదు, నాన్న కిటికీకి చేతి దూరంలో దాటిపోయింది. ఇన్నేళ్ల తరువాత కూడా అది నా వైపు నుంచే పోయినట్లు నాకు గుర్తు వస్తుంది.

పక్కకు తీసి నాన్న ఇంజను ఆపారు.

"ఏటైనా తగిలిందేటిరా?"

"లేదు. నువ్వు తిప్పావు కదా, ఎందుకు తిరగలేదు?"

"ముందు సక్రాలకి బరువు లేదు. నేలకి ఊరికే ఆనినాయంతే" అన్నారు ఆయన. "ఖాళీ బండి ముక్కు దించుకునే ఉండాల్రా. సరుకేస్తే ఎనక దిగి సమానమవుతాది. మనం ఖాళీగా ఉన్నపుడే సమానం సేసీసినాం. సరుకేస్తే ఎనక్కి వాలదేటి? వాలితే సువ్వలు జారతాయి. జారితే ముక్కు ఇంకా లేస్తాది."

"ఇది నీకు ఇప్పుడు తెలిసిందా?"

"ఇప్పుడేటి? షాపులోనే తెలుసు."

నాకు కొంతసేపు ఆ మాట అర్థం కాలేదు. విన్నాను, కాని అర్థం లోపలికి దిగలేదు. ముప్పై ఏళ్లు బరువుల మధ్య బతికిన మనిషి, బరువు ఎటు ఒరుగుతుందో కంటితో చూసి చెప్పగలిగిన మనిషి, నా గ్రాఫు కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని బాగుందన్నారు.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"సిగ్నలు ఒక్కడే ఇవ్వాల. ఇద్దరు సేతులూపితే క్రేనోడు ఎవడి సెయ్యి సూస్తాడు? లోడు ఊగిపోతాది. ఇంటికాడ సిగ్నలు నీది."

ఖలాసీల ఆ పద్ధతి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అందులో మినహాయింపు ఉందనీ తెలుసు. "ఆపమని ఎవరైనా అరవచ్చు కదా! ఊడ్చే మనిషి అరిచినా క్రేను ఆగవలసిందే అని నువ్వే చెప్పావు" అన్నాను.

ఆయన స్టీరింగును అరచేత్తో తుడిచారు.

"లోడు కింద మనిసుంటే అరుస్తాం. ఇక్కడ కిందున్నోన్ని నానే గదా అనుకున్నాను. తాడు రెండు వరసలు కట్టుకుని మెల్లగా తోలుకుంటే గడిచిపోతాదనుకున్నాను. నువ్వు ఎక్కీసి కూకుంటావని నాకేటి తెలుసు?"

లారీ మీదికి వచ్చినప్పుడు కలిగిన భయం కంటే ఆ మాటకు కలిగిన దిగ్భ్రాంతి పెద్దది. ఆయన తనను మనిషి లెక్కలో వేసుకోలేదు. నా మాటకు అడ్డు చెప్పడం కంటే, నా తప్పును రోజూ తానే నడుపుకుంటూ తిరగడం ఆయనకు సులువనిపించింది. పట్టా తెచ్చి నేను ఇంట్లో చేసిన పని ఇదా అని అనుకున్నాను. ఏడుపు కూడా రాలేదు.

సగం చువ్వలను అక్కడి టీ కొట్టు వెనుక దింపి, మిగిలినవి బాగా ముందుకు జరిపి కట్టి, రెండు విడతలుగా చేర్చాము. అక్కడి నుంచి నేరుగా సుపేలాకు వెళ్లాము.

"ఏం పెట్టమంటారు భయ్యా?" అని మిస్త్రీ నన్నే అడిగాడు.

"నాన్నను అడగండి."

"నువ్వు సెప్పరా" అన్నారు నాన్న.

"నాకు తెలియదు నాన్నా." డిగ్రీ వచ్చాక ఇంటివారి ముందు నేను ఆ మాట అనడం అదే మొదటిసారి. నాన్న కంగారుగా నన్ను చూసి, "సెప్పరా, పర్లేదు" అన్నారు మళ్లీ. నేను షాపు బయటికి వెళ్లి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. కాసేపటికి లోపలి నుంచి నాన్న గొంతు వినిపించింది.

"దిమ్మలు తీసీ. ముందు కమానులో కింద పట్టీ సచ్చిపోనాది. అది మార్చు సాలు. ఖాళీగా కొంచెం వంగుతాది. వంగనీ."

"అరే చాచా! ఆ రోజే అనొచ్చు కదా? నేను మీ మొహమే చూసినాను!"

"నువ్వెందుకు అన్లేదు?"

"మీరే అనకపోతే నేనేటి అంటాను?"

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒక ఇనుప దిమ్మ గురించి ముగ్గురం నిలబడి మాట్లాడుకుంటే, అందులో ఇద్దరికి నిజం తెలుసు. తెలియని వాడి మాట నెగ్గింది.

తిరుగుదారిలో నేను అడిగాను. "నాన్నా, ఇలాంటివి ఇంకా ఉన్నాయా? నాది తప్పని తెలిసి నువ్వు ఊరుకున్నవి?"

ఆయన గేరు మార్చారు. ముందున్న సైకిలును దాటనిచ్చారు.

"ఉన్నాయి" అన్నారు, చాలా మామూలుగా.

సీటులో ఆయన వైపు తిరిగి కూర్చున్నాను.

"మొదటి నుంచి చెప్పు" అన్నాను.

మరోదా వచ్చేదాకా ఆయన చెబుతూనే ఉన్నారు.