క్యాలెండరు మీద ఎర్ర చుక్కలు

బర్మామైన్స్ పేటలో ఉండే దాలమ్మకి తోటికోడలు నూకాలమ్మంటే ఒళ్లుమంట. నూకాలమ్మకి స్కిజోఫ్రీనియా, లేని మనుషుల గొంతులు వినిపించే జబ్బు. దాలమ్మ జాలిపడాల్సింది పోయి అసూయపడింది, అదీ ఒక క్యాలెండరు చూసి.

నూకాలమ్మ మొగుడు తవిటయ్య, ఆమెకి గొంతులు ఎక్కువైన రోజులకి నల్ల చుక్కలు, ఆమె నెలసరి రోజులకి ఎర్ర చుక్కలు ఏడాదిపాటు గోడ మీది క్యాలెండరులో పెట్టాడు.

"ఆడదాని రోజులు గోడకెక్కిత్తాడా, సిగ్గునేదు!" అని దాలమ్మ వీధంతా చెప్పి నవ్వింది.

తవిటయ్య ఆ క్యాలెండరు తీసుకెళ్లి చూపించాకే, నెలసరికి ముందు జబ్బు ముదురుతోందని డాక్టరుకి అర్థమైంది. పాత మాత్రలు ఆపకుండానే, "వాడి చూద్దాం" అంటూ ఒక హార్మోను బిళ్ల జతచేశాడు. నాలుగు నెలలకి నూకాలమ్మ తేరుకుంది.

వీధంతా బిళ్లని మెచ్చుకుంది. దాలమ్మకి మాత్రం ఆ చుక్కలే కంట్లో నలుసులయ్యాయి.

"నీకేటే, చుక్కలెట్టే మొగుడున్నాడు," అని నూకాలమ్మ మొహం మీదే అనేసింది.

ఆ నెల తను నడుం నొప్పితో లేవలేని రోజులన్నిటికీ దాలమ్మ తనింటి క్యాలెండరు మీద ఎర్ర చుక్కలు పెట్టింది. మొగుడు ఆదిబాబు ఎప్పుడడుగుతాడా అని కాచుకుంది.

నెలాఖరున అతను చూశాడు.

"ఇయేటే? పాలోడు రాని రోజులా?"