రెండు పసుపు కాగితాలు

మా భూసార పరీక్ష కేంద్రంలో యూరియా కలిపిన మట్టి సీసా మూత తీయగానే అమోనియా ఘాటు గుప్పుమంటుంది. పక్కవాళ్ళు మొహం తిప్పుకుంటారు. నాకు మాత్రం ఎల్బీనగర్‌లోని సావిత్రి మేడమ్ వంటిల్లు గుర్తొస్తుంది.

ఆవిడది భీమవరం వైపు. దిల్‌సుఖ్‌నగర్ సందులో ఒక చిన్న కోచింగ్ సెంటర్‌లో మాకు కెమిస్ట్రీ చెప్పేవారు. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ వచ్చిందంటే సెంటర్‌కు తాళం పడేది. మేడమ్ మాత్రం దగ్గర్లో ఉన్న నలుగురినీ తన ఇంటికే రమ్మనేవారు. "ఆ ఆంధ్రామె తాన నీకేం పని?" అని మా అన్న సణిగేవాడు. వ్యవసాయ డిగ్రీ సీటు కోసం అది నా రెండో ప్రయత్నం. మొదటిసారి నన్ను ముంచింది కెమిస్ట్రీయే. అలాంటి ఒక బంద్ రోజు నేను ఆవిడ ఇంటికి బయల్దేరింది పాఠం కోసం కాదు, మానేస్తున్నానని చెప్పడానికి.

చెప్పేలోపే ఆవిడ చెయ్యి చాపారు. "కందులు పొడి చేసి తెమ్మన్నాను, ఏదీ?"

మా నల్గొండ కందుల పొడి ఇచ్చాను. అందరి పొడులూ వేరువేరు గ్లాసుల్లో నీళ్ళతో కలిపి, యూరియా వేసి, పైన వంటింటి పసుపు పూసిన తడి కాగితాలు కప్పారు.

"కందిగింజలో యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుందమ్మా. అది పనిచేసే చోట రెండంటే రెండు నికెల్ పరమాణువులు. వాటి చలవతోనే యూరియా విడిపోయి అమోనియా వస్తుంది, అది తగిలి పసుపు కాగితం ఎర్రబడుతుంది."

అందరివీ ఎర్రబడ్డాయి. నాది పసుపుగానే ఉండిపోయింది. ఏడుపు తన్నుకొచ్చింది.

"నాకు గీ కెమిస్ట్రీ రాదు మేడమ్. ఇడిచిపెడ్తున్న."

ఆవిడ నా పొడి వాసన చూశారు. "వేయించారా?"

"అమ్మ ఏంచింది మేడమ్. ఏంచకుంటే పప్పు కమ్మగెట్లుంటది?"

మేడమ్ పడీపడీ నవ్వారు. "నికెల్ ఎక్కడికీ పోలేదే పిచ్చిదానా! వేడికి దాన్ని పట్టుకున్న ప్రొటీన్ చెదిరిపోయింది. ఎంజైమ్ ఎప్పుడు పనిచేస్తుందో వీళ్ళు చూపించారు. ఎప్పుడు చెయ్యదో నువ్వు చూపించావు. మానేస్తానంటావేంటి? రాష్ట్రం కోసం కొట్లాడండి, కాదనను. వచ్చాక ఆ మట్టిని పరీక్షించేవాళ్ళు కూడా కావాలి కదా?"

తన డబ్బాలోని పచ్చి కందులతో నాచేత మళ్ళీ చేయించారు. ఎర్రబడిన కాగితాన్నీ, పసుపు కాగితాన్నీ నా నోట్‌బుక్‌లో పక్కపక్కనే అంటించారు. కింద నేను ఒప్పు, తప్పు అని రాయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "రెండూ జరిగినవే. అలాగే ఉంచు."

నేను మానలేదు. ఆ ఏడే సీటొచ్చింది. ఆవిడ ఆ రోజు నవ్వకపోయి ఉంటే నేనేమయ్యేదాన్నో అని ఇప్పటికీ భయమేస్తుంది.

ఆ నోట్‌బుక్ నా బల్ల సొరుగులోనే ఉంది. అమోనియా ఎగిరిపోయి, ఎర్ర కాగితం ఎప్పుడో మళ్ళీ పసుపు రంగుకు వచ్చేసింది. నన్ను ఏడిపించిన కాగితం ఆ రెండింటిలో ఏదో ఇప్పుడు నాకే తెలియదు.