టీచరుగారి నాన్న తుపాకీ చెక్క

గవర్నర్‌పేటలో పాత ఫర్నిచర్ బాగుచేసే నా కొట్టుకి గుణదల నుంచి ఒక రిటైర్డ్ టీచరుగారు వచ్చేవారు. వాళ్ల నాన్న రెండో ప్రపంచ యుద్ధంలో మోసిన రైఫిల్‌కి విరిగిపోయిన చెక్క మడమను తువ్వాలులో చుట్టి తెచ్చేవారు. దానిమీద కత్తితో గీసిన గుర్తులు తొమ్మిది ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో తడుముతూ ప్రతిసారీ అదే అడిగేవారు.

“ఇవి సిలువలా అండీ, ఇంటూ మార్కులా?”

సిలువలైతే ఆయన చేసుకున్న ప్రార్థనలు. ఇంటూలైతే ఆయన చంపిన మనుషులు. బతికుండగా ఆయన యుద్ధం ఊసే ఎత్తలేదట.

నేను భూతద్దం పెట్టి చూశాను. అన్నీ ఒకే చేతి గాట్లని మాత్రం చెప్పగలిగాను.

పోయిన వేసవిలో ఒకరోజు, “ఇంక ఆలోచించలేనండీ. గీకేసి పాలిష్ పెట్టెయ్యండి,” అన్నారు. నేను గరుకు కాగితం తీసి చెక్కకి ఆనించానో లేదో, ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

“వద్దులెండి. ఏవైనా గానీ, మా నాన్న గీసినవే కదా.”

సిలువలేనండీ అని ఒక్క అబద్ధం చెబితే ఆవిడ నిమ్మళంగా ఇంటికి వెళ్లేవారు. ఆ అబద్ధం చెప్పకుండానే చెక్కని మళ్లీ తువ్వాలులో చుట్టి ఇచ్చాను.