పేరమ్మ చేతికి తగిన సూది

వాకాడు అవతల సముద్రం ఒడ్డున ఉన్న జాలర్ల కుప్పంలో వల అంటే పేరమ్మ, పేరమ్మ అంటే వల. సొర చీల్చిన వలైనా, రాతికి పట్టి చిరిగిన వలైనా ఆమె ముందు పడేస్తే, పడవ మళ్లీ నీళ్లలోకి దిగేలోపు కన్నుకు కన్ను అతుకుపడి లేచేది. మగవాళ్లు వేసిన ముళ్లు ఊడిన సంగతి అందరికీ తెలుసు. పేరమ్మ వేసిన ముడి ఊడిందని చెప్పినవాడు ఆ తీరంలో పుట్టలేదు. ఆ కుప్పం ఆడపిల్లల్లో అయిదో తరగతి దాకా చదివిందీ ఆమె ఒక్కతే. పంతులు ఎక్కాలు అడిగితే మగపిల్లలు గోడకేసి చూసేవాళ్లు, పేరమ్మ నిలబడి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. పక్క ఊళ్ల పిల్లలతో పెట్టిన పోటీలో పలక గెలుచుకున్నది. ఈ మాటలు ఆమె చెప్పుకోనక్కరలేదు, ఊరే చెబుతుంది. అయినా చెప్పుకోవడం ఆమె మానలేదు.

పంతొమ్మిది వందల అరవై ప్రాంతంలో ఆమె పెనిమిటి మునెయ్య నడుము పడిపోయి సముద్రం మానుకున్నాడు. అప్పుడు పేరమ్మ గూడూరు దారిలోని మిషను కాంపౌండులో లేసు గదికి పోయి పని అడిగింది. అక్కడ ఆడవాళ్లు చాపల మీద వరసగా కూచుని, కొక్కెం ఉన్న సన్నటి ఇనుప సూదులతో తెల్లదారాన్ని పువ్వులుగా అల్లుతారు. కుప్పం మనిషికి ఆ చాప మీద అంతకుముందెన్నడూ చోటు లేదు. గదిని నడిపే ఏసుమణి పేరమ్మను కొన్నాళ్లు చూస్తానని మాత్రమే అన్నది. ఆ చూసే రోజులు ఇంకా గడవకముందే ఒక గండం వచ్చిపడింది.

ఆ గదిలో అల్లేవాళ్లందరిలోకీ పాత మనిషి ఎలిశబెతు. కొత్తగా కట్టిన చర్చిలో ప్రభుబల్ల మీద పరిచే గుడ్డకు నాలుగు వైపులా లేసు అంచు అల్లుతూ ఉన్నది. మూడు వైపులు పూర్తయ్యాక బావి గట్టున జారిపడి మణికట్టు వాచిపోయింది. ఆదివారమే చర్చి ప్రతిష్ఠ. శుక్రవారం పొద్దున ఏసుమణి ఆ గుడ్డను చేతిలో పట్టుకుని, మిగిలిన వైపు ఎవరు అల్లుతారని అడిగింది. అందరూ తలలు దించుకున్నారు.

"నేను అల్లతానమ్మా. ఇది వల అల్లిన చెయ్యి" అన్నది పేరమ్మ.

"వల కాదు పేరమ్మా ఇది. రేపు సాయంత్రానికి నాలుగు వైపులూ ఒకే చెయ్యి అల్లినట్టు ఉండాల. ఉంటే సోమవారం నుంచి ఈ చాప మీద నీకూ చోటుంటాది. లేకుంటే నువ్వు రానక్కర్లేదు" అని ఏసుమణి గుడ్డ ఇచ్చి వెళ్లిపోయింది.

పేరమ్మ ఎలిశబెతు వాడిన పదో నెంబరు సూదే అందుకున్నది. అదే దారం, అదే పువ్వు, అదే సూది. తేడా ఎక్కడినుంచి వస్తుంది? జానెడు అంచు అల్లి పాత అంచు పక్కన పరిచింది. తనది సగం వేలు ఇరుకుగా, ఎండిన అప్పడంలా బిర్రుగా కనబడింది.

ఎలిశబెతు కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని తొంగిచూసింది. "ఏంది మే, దారాన్ని అట్ట పట్టినావు? పారిపోతాదనా? అది చేప కాదు, దానికి ప్రాణం లేదు."

"నా చెయ్యి అంతే అక్కా. వదులుగా ముడేస్తే మా వాళ్లు ఆకలితో చస్తారు."

పేరమ్మ అంతా విప్పేసింది. కన్ను పెద్దది కావాలంటే సూది పెద్దది కావాలి, అంతవరకు సరిగానే తోచింది. కుప్పంలో వల కన్నును వేళ్లతో కొలుస్తారు. రెండు వేళ్ల కన్ను చిన్నది, నాలుగు వేళ్ల కన్ను పెద్దది. అంకె పెరిగితే కన్ను పెరగాలి కదా అని, సూదుల డబ్బాలోంచి పన్నెండో నెంబరు సూది తీసి తల ఎత్తకుండా అల్లుకుపోయింది. పరిచి చూస్తే ఈసారి ముందటికంటే ఇరుకు. పక్కనుంచి ఎలిశబెతు ఆ సూది లాక్కుని వెలుగుకేసి చూసింది.

"పన్నెండా? ఎవరు చెప్పినారు మే నీకు? సూదికి నెంబరు పెరిగేకొద్దీ సన్నబడతాది."

"అట్టయితే అది తిరగబడ్డ లెక్క అక్కా."

"లెక్క సరిగ్గానే ఉండాది. నీ ఎక్కాలే ఈడికి పనికిరావు."

ఆ మాట పేరమ్మకు చురుక్కుమన్నది. రెండోసారి విప్పింది. విప్పిన దారం నూగు లేచి పాతబడినట్టయింది. మిగిలింది ఒక్క ఉండ. మరొకటి మద్రాసు నుంచి రావాలి, ఆదివారంలోపు రాదు. ఇంకొక్కసారి తప్పితే విప్పి అల్లడానికి దారమే ఉండదు.

అప్పుడే ఏసుమణి వచ్చి నిలబడింది. గుడ్డకు నాలుగో వైపు బోడిగా ఉంది.

"పొద్దుననగా ఇచ్చిన పని. మజ్జాన్నం దాటింది. ఏం చేస్తా ఉండావు?"

"సూది ఎంచుకుంటా ఉండానమ్మా."

ఏసుమణి ఆ బోడి అంచును ఒకసారి తడిమి వెళ్లింది. తిట్టి ఉంటే కొంత నయంగా ఉండేదనిపించింది పేరమ్మకు.

ఈసారి కొత్త ఉండను పేరమ్మ ముట్టుకోలేదు. నూగు లేచిన దారంతోనే తొమ్మిదితో ఒక పువ్వు, ఎనిమిదితో ఒకటి, ఏడుతో ఒకటి అల్లి, ఎలిశబెతు అంచు మీద వరసగా పెట్టింది. తొమ్మిది ఇరుకు. ఎనిమిది అచ్చు గుద్దినట్టు సరిపోయింది. ఏడు నోరు తెరుచుకుని ఉంది.

"ఇంకేం, ఎనిమిది. మొదలుపెట్టు" అన్నది ఎలిశబెతు.

పేరమ్మ కొత్త ఉండ చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టింది. ఆ పువ్వు అల్లేటప్పుడు భయంతో ఊపిరి బిగబట్టి, వేళ్లను బతిమాలి వదులు చేసుకున్నది తను. రేపు సాయంత్రం దాకా అట్లా అల్లగలదా? భయం తగ్గి పని ఊపందుకున్నాక చెయ్యి తన దారిన తాను బిగుసుకోదా?

"అక్కా, ఏదైనా చెప్పు. నీ పెళ్లి సంగతి చెప్పు."

"పిచ్చిపట్టిందా మే? ఇప్పుడా?"

"చెప్పక్కా, నా చెయ్యి నన్ను మరిచిపోవాల."

ఎలిశబెతు విసుక్కుంటూనే మొదలుపెట్టింది. పెళ్లిరోజు పెండ్లికొడుకు ఎక్కిన బండి చిల్లకూరు దగ్గర వాగులో దిగబడితే, అతగాడు బురద కాళ్లతోనే చర్చిలోకి వచ్చి నిలబడ్డాడట. పేరమ్మ నవ్వుతూనే ఎనిమిదితో నాలుగు పువ్వులు అల్లింది. పరిచి చూస్తే మొదటి పువ్వు సరిగా ఉంది, చివరిది బిగిసింది. మళ్లీ ఏడు అందుకుని, అత్తగారి సంగతి చెప్పమన్నది. అత్తగారి కథ ముగిసేసరికి ఏడో నెంబరు పువ్వులు నోరు మూసుకుని, ఎలిశబెతు పువ్వుల పక్కన తోడబుట్టినవాటిలా కూచున్నాయి.

"ఏడు మొద్దు దారానికి వాడేది మే. ఈ దారానికి ఎవరూ వాడరు. చెడితే నన్ను అనొద్దు."

"దారానికి కాదక్కా, నా చేతికి" అని పేరమ్మ కొత్త ఉండ కొస పట్టుకున్నది.

శనివారం పొద్దు వాలేసరికి అంచు అయింది. తడిపి, గంజి పెట్టి, గుండుసూదులు గుచ్చి ఆరేశారు. ఏసుమణి వచ్చి గుడ్డను బల్ల మీద పరిచి, కళ్లు మూసుకుని బొటనవేలితో అంచు వెంబడి తడుముకుంటూ పోయింది. మూడు మూలలు తిరిగింది. నాలుగో వైపు మొదట్లో వేలు ఆగింది.

"ఇక్కణ్ణించి నీది."

పేరమ్మ ముందుకు వంగింది. "ఇరుకు పడిందా అమ్మా?"

ఏసుమణి కళ్లు తెరిచి, గుడ్డను మడిచి అంచు మీద అంచు పెట్టి చూసింది. కొసకు కొస కలిసింది. "కొలత సరిపోయింది. నీ ముడి గట్టిది, అందుకని వేలికి తగిలింది. చూపుకు తెలీదు." గుడ్డ మడత పెడుతూ, "సోమవారం పెందలాడే రా. ఎలిశబెతు అంతా చెప్పింది. ఆ ఏడో నెంబరు సూది పక్కన తీసి పెడతాను, ఎవరూ తియ్యకుండా" అన్నది.

"పక్కన పెట్టబళ్లేదులేమ్మా. ఈ గదిలో ఆ సూదికి చాలిన చెయ్యి ఇంకెవురికి ఉండాది?" అన్నది పేరమ్మ.