మద్దిచెట్టు మీది నుంచి వచ్చినవాళ్లు

ఆ రోజుల్లో నాకు జంతుశాస్త్రంలో డిగ్రీ కొత్తగా వచ్చింది. లోకంలోని జీవులన్నీ నన్నడిగే బతుకుతున్నాయని నా నమ్మకం. (డిగ్రీ పాతబడేకొద్దీ ఆ జబ్బు దానంతటదే తగ్గుతుంది.) శృంగవరపుకోట అవతల కొండవారన మా తాత ఊరు. తాత పోయి నెల తిరిగింది. "మీ తాత వచ్చి ముద్ద ముట్టుకుంటే గానీ నాను తిన్ను" అని మామ్మ భీష్మించుకుంది. రోజూ పొద్దు వాలగానే తాత గదిలో విస్తరేసి, పెద్దలకు పెట్టినట్టే అన్నీ వడ్డించి, తలుపు చేరవేసి గడప దగ్గర కూర్చునేది. విస్తరి వేసింది వేసినట్టే ఉండేది. ఆవిడ గుక్కెడు మజ్జిగ తాగి పడుకునేది. మనిషి ఎముకల గూడైపోయింది. ఇంకో చావు చూడాల్సి వస్తుందేమోనని ఇంటిల్లిపాదికీ భయం.

నేను మాత్రం శాస్త్రసేవలో ఉన్నాను. కొండవాలున మద్దిచెట్ల కొమ్మలకు కాడలతో వేలాడే దసలి పట్టుకాయలు, అంటే పట్టుపురుగుల గూళ్లు, కోసుకొచ్చి, ఎవరూ కదపరని తాత గది కిటికీ ఊచలకు కట్టాను.

ఒక మునిమాపు వేళ మామ్మ తలుపు తీసి "ఒలమ్మ! వచ్చినాడే!" అంది. కరెంటు లేదు. ఫోను లైటు వేసుకుని ధీమాగా లోపలికెళ్లాను. తాత పడకకుర్చీ మీద కళ్లు. కండువా మీద కళ్లు. గోడ నిండా రెప్పల్లేని గుండ్రటి కళ్లు, లైటు పడితే మెరుస్తూ. ఒక జత మెల్లగా మూసుకుని మళ్లీ తెరుచుకుంది. కిటికీలోంచి చప్పుడు లేకుండా ఇంకా వస్తున్నాయి. ఏదో మెత్తగా నా మెడ నిమిరింది. "తాతా, నేను కాదు!" అని కేకపెట్టి, విస్తరి దాటి, మామ్మను దాటి వీధిలో తేలాను. (ఏది నేను కాదో ఇప్పటికీ తెలియదు.)

"ఏటే, డిగ్రీ సదివింది నువ్వేనా?" అంటూ మామ్మే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. అన్నం ఎవరూ ముట్టలేదు. "వచ్చినోడు మరి తిన్నేదేటే?" అంది మామ్మ.

"ఇవి దసలి సీతాకోకలు మామ్మా. ఆ కళ్లు వీటి రెక్కల మీది మచ్చలే. పురుగుగా ఉన్నప్పుడే మద్దాకు తినేసి గూడు కట్టుకుంటాయి. రెక్కలొచ్చాక తినవు, తినడానికి నోరే ఉండదు. బతికేది నాలుగు రోజులే. ఆ గూడు పట్టుకుని వేలాడుతున్నది ఆడది. దాని వాసనకు మగవన్నీ కొండ దిగొచ్చాయి."

మామ్మ చాలాసేపు ఆ ఆడదాన్నే చూసింది.

"అది తిండి మానీసి కూకుంటే ఇన్ని మగోలు కొండ దిగొచ్చినాయి. నాను నెల్లాళ్లు మానీసినాను. నాకున్న ఒక్కడూ రానేదు."

కొంగుతో కళ్లు ఒత్తుకుని విస్తరి ముందు కూలబడింది. "నాకు నోరున్నాది గదా. ఆ పులుసు ఇలా తే."

తినే ముందు, విస్తరి అంచున వాలిన మగదాని పక్కన ఒక ముద్ద పెట్టింది. "దానికి నోరుండదు మామ్మా" అని మళ్లీ మొదలుపెట్టాను.

"నాకు తెల్దేటి?" అంది మామ్మ, అన్నం కలుపుకుంటూ.

అప్పటికీ ఊరుకోకుండా మళ్లీ వివరించబోయిన ఆ పిల్లను తలుచుకుంటే, ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ఏడుపూ వస్తుంది.