సున్నా దగ్గర ముల్లు

మా బాబాయి ఇరవై ఆరేళ్లుగా ఆసుపత్రిలో ఆవిరి డ్రమ్ము నడుపుతున్నాడు. ఆపరేషన్ కత్తెరలూ గుడ్డలూ అందులో పెట్టి, మూత బిగించి, క్రిమి అన్నది మిగలకుండా ఆవిరి పట్టించి ఇవ్వడం ఆయన పని. ఆ గదిలో ఫ్యాను ఉన్నా లేనట్టే, చొక్కా ఎప్పుడూ వీపుకు అంటుకునే ఉంటుంది. అయినా ఆ గదంటే ఆయనకు ప్రాణం. ఆ మూత మీద ఇంకెవరైనా చెయ్యి వేస్తే ఊరుకోడు.

అలాంటి మనిషికి ఈ వయసులో పరీక్ష పెట్టారు. పాసైతే డ్రమ్ము దగ్గర ఉంటాడు, లేకపోతే మాసిన దుప్పట్ల బండి తొయ్యాలి. భౌతికశాస్త్రంలో మొదటి మాటలన్నీ నోటితో అడుగుతారట: పని, బలం, పీడనం, వేడి, ఉష్ణోగ్రత. నేను బళ్లో సైన్సు చెబుతాను కాబట్టి ఆ బాధ్యత నా నెత్తిన పడింది. నిజం చెప్పాలంటే పడలేదు, నేనే ఎగబడి ఎత్తుకున్నాను.

మొదటి రోజు 'పని' దగ్గరే చిక్కొచ్చింది.

"బండి ఎంత తోసినా కదలకపోతే పని జరగనట్టే బాబాయ్."

"చెమటలు కారినా?"

"కారినా సరే."

"మా సూపర్‌వైజరూ అదే అంటాడమ్మా. ఆయనా సైన్సే చదివాడేమో."

బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం అన్నాను. బుర్ర గోక్కున్నాడు.

"హెడ్‌నర్సు ఎత్తు మడమల చెప్పులతో నీ కాలు తొక్కిందనుకో."

"ప్రాణం పోతుంది."

"చెప్పుల్లేకుండా తొక్కితే?"

"అసలు ఆవిడ నా కాలెందుకు తొక్కుతుందే?"

నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. డ్రమ్ములోంచి తీసిన కత్తెరకీ పెద్ద గుడ్డల మూటకీ ఉష్ణోగ్రత ఒకటే, మూటలో ఉన్న వేడే ఎక్కువ అని చెబితే, "మరి కత్తెరే చెయ్యి ఎక్కువ కాలుస్తుందేం?" అన్నాడు. అది సిలబస్‌లో లేదన్నాను.

చివరి రోజు డ్రమ్ము మీద ఉండే పీడనం మీటరు బొమ్మ గీశాను. ముల్లు సున్నా దగ్గరుంటే లోపల పీడనం లేనట్టే అన్నాను. ఆయన ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.

"ముల్లు సున్నాకొచ్చాక కూడా మూత రాదమ్మా. పక్కనున్న చిన్న కుళాయి తిప్పుతాను. బుస్సుమని గాలి లోపలికి పోతుంది. అప్పుడే వస్తుంది. లోపల ఏమీ లేకపోతే దాన్ని పట్టుకునేదెవరు?"

"ఎక్కడో తుప్పు పట్టి ఉంటుంది."

"స్టీలుకి తుప్పా?"

"బాబాయ్, సున్నా అంటే సున్నా! నీకు పాసవడం కావాలా, నీ అలవాట్లు కావాలా?"

గొంతు పెంచాను. "సరేలే తల్లీ, చదువుకున్నదానివి" అంటూ నోటుపుస్తకంలో నా మాటే రాసుకున్నాడు. పాఠం బ్రహ్మాండంగా చెప్పానని పొంగిపోయాను.

పరీక్షైన మూడో రోజు ఆసుపత్రికి వెళ్తే, వరండాలో బాబాయి దుప్పట్ల బండి తోస్తూ ఎదురయ్యాడు.

"ముల్లు సున్నా దగ్గరుంటే లోపల పీడనం ఎంతన్నారు. లేదన్నాను. అయితే మూత వెంటనే తెరుస్తావా అన్నారు. నా చెయ్యి కుళాయి తిప్పడానికి లేచిందమ్మా, కుర్చీలో కూర్చునే. ఇంతలో నువ్వు చెప్పింది గుర్తొచ్చింది. తెరుస్తానన్నాను. పరీక్ష పెట్టినాయన ఇంక వేరే ప్రశ్న అడగలేదు." ఆగి, నా మొహం చూసి, "నేనే ఏదో తికమకపడి ఉంటాను. నువ్వేం చేస్తావులే" అన్నాడు.

ఇంటికొచ్చి, బళ్లో చెప్పే పుస్తకం కాకుండా కాలేజీ పుస్తకం తీశాను. మూడుసార్లు చదివాను. ఆ సున్నాకి ఏమీ లేదని కాదు అర్థం, బయటి గాలి పీడనంతో సమానమని. ఆవిరి చల్లబడి నీళ్లయిపోతే లోపల అంతకంటే తగ్గుతుంది. ఆ మీటరులో సున్నా కింద అంకెల్లేవు, అందుకే ముల్లు అక్కడే ఆగిపోతుంది. మూతను అదిమి పట్టుకునేది బయటి గాలే. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు వెళ్లి వరండా బల్ల మీద ఆయన పక్కన కూర్చున్నాను. "నేను తప్పు చెప్పాను బాబాయ్. నువ్వు చేస్తున్నదే కరెక్టు" అని అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను.

ఆయన నెత్తి తడుముకున్నాడు. "ఈ గాలి అంత గట్టిగా నొక్కుతుందా? మరి మనం నలిగిపోమేం?"

నోటికొచ్చింది చెప్పబోయి ఆగాను. "చదివి చెబుతాను" అన్నాను.

తల ఊపాడు. బండి పిడి పట్టుకుని లేచాడు గానీ కదల్లేదు.

"బళ్లో పిల్లలకి కూడా అలాగే చెప్పావా అమ్మా?"

"రెండేళ్లుగా."

"ఒక్కరూ అడగలేదా?"

"ఒక పిల్ల అడిగింది. కూర్చోమన్నాను."