మెల్లగా పాడనన్న మామ

మొన్న బుధవారం పొద్దున, వర్ని దగ్గరి మా బడిలో హాజరు తీసుకుంటుంటే అమ్మ ఫోను చేసింది. "మామ పోయిండే" అని ఒక్క మాటే అంది. రిజిస్టరు మూసి వరండాలోకి వచ్చాను. అప్పటికే మా చర్చి క్వయర్ గ్రూపులో సందేశాలు వరసగా పడుతున్నాయి. "గంభీరమైన గొంతు మూగబోయింది" అని ఒకరు, "ఆ నిదానం, ఆ నిండుదనం ఇక వినలేం" అని ఇంకొకరు. నాకు ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది. బాన్సువాడలో తన గొంతు గురించి జనం అనుకునే ఈ ఒక్క మాటతోనే మామ బతికినన్నాళ్లూ కొట్లాడాడు. ఆయన కన్ను మూసి రెండు గంటలు కాలేదు, అప్పుడే ఆయన్ని నిదానం చేసేశారు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆయన నాకు మేనమామ కాదు, గోడ అవతలి ఇంటి మామ. కాలువ మీద లష్కర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. నిజాంసాగర్ నుంచి వచ్చే నీళ్లకు ఏ తూము ఎప్పుడు ఎంత ఎత్తాలో చూసుకుంటూ గట్టు వెంబడి సైకిలు మీద తిరగడం ఆ పని. ఆదివారం చర్చిలో బేస్ పాడేవాడు. క్వయర్‌లోని నాలుగు గొంతుల్లో అన్నిటికంటే అడుగున ఉండేది బేస్. ఆయన ఇంట్లో గొంతు సవరించుకుంటే మా గూట్లోని స్టీలు గ్లాసులు సన్నగా మోగేవి. అమ్మ వాటిని ఎడంగా జరుపుతూ "ఇగ మొదలువెట్టిండు" అనేది.

ఆయనకు ప్రాణమైన పాట ఒకటుంది. ఎప్పుడో మిషన్ దవాఖానలో పనిచేసి వెళ్లిపోయిన ఒక డాక్టరమ్మ, మూడు వందల ఏళ్ల కిందటి ఓరటోరియో ఒకదాన్ని మా చర్చికి నేర్పి వెళ్లింది. ఓరటోరియో అంటే బైబిలు కథను వేషాలూ తెరలూ లేకుండా నిలబడి గొంతులతోనే చెప్పడం. అందులో, సైన్యం తరుముతుంటే పారిపోయే జనానికి సముద్రం చీలి దారిచ్చే చోట బేస్ గొంతు ఒక్కటే పాడే పాట వస్తుంది. 'నీళ్లు' అన్న ఒక్క మాట మీద ముప్పై నలభై స్వరాలు మధ్యలో ఊపిరి తీయకుండా పరుగెత్తాలి. డాక్టరమ్మ స్వరాల కింద పెన్సిలుతో తెలుగు మాటలు రాసిన పుస్తకం ఇప్పటికీ చర్చి బీరువాలో ఉంది. మామకు ఆ స్వరాలు చదవడం రాదు. ఆమె పాడుతుంటే విని పట్టుకున్నాడట.

లోతు గొంతున్న వాళ్లు ఇలాంటి పాటను సాగదీస్తారు. బరువైన గొంతు పరుగెత్తితే స్వరాలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, పాడేవాళ్లు దొరికిపోతారు. సాగదీస్తే ఆ భయం ఉండదు, పైగా గొంతు నిండుగా వినిపిస్తుంది, జనం ఆహా అంటారు. మామకు ఆ ఆహా అక్కర్లేదు. పాట వేగం తేల్చుకోవడానికి ఆయనకో పద్ధతి ఉండేది. ముందు పాడడు. ఆ వాక్యాన్ని కాలువ అవతలి గట్టు మీదున్న రైతుకు చెప్తున్నట్టు మామూలుగా, గట్టిగా చెప్తాడు. "ఓ పటేలా, నీళ్లొస్తున్నయ్, చూస్కో!" అని కేకేసే తీరు. ఆ చెప్పిన వేగాన్నే పట్టుకుని పాట ఎత్తుకుంటాడు.

"మాట ఎంత జల్ది చెప్తే ఎదుటోనికి అర్థమైతదో గంతే జల్ది పాడాలె" అనేవాడు. "అంతకన్న మెల్లగ పాడితే మాట సచ్చిపోతది, గొంతు మిగుల్తది. ఉత్త గొంతునేం చేస్కుంటం?"

కాలువ మీద ఆ కేక ఎంత పనిచేసేదో నాకు తెలుసు. కోస్తా నుంచి వచ్చి వర్ని వైపు స్థిరపడిన ఒక పెద్దాయన మా బడికి వచ్చినప్పుడు మామ సంగతి ఎత్తితే నవ్వి, "మాకు గడియారం అక్కర్లేదండీ. ఆయన గొంతు వినపడిందంటే నీళ్లొచ్చేసినట్టే" అన్నాడు. ఆ మాట మామకు చెప్తే పొంగిపోతాడనుకున్నాను. "మరి గొంతెందుకుంది?" అన్నాడంతే.

నేను ఉద్యోగంలో చేరిన ఏడాది చర్చి కీబోర్డు నా చేతికి వచ్చింది. మొదటి రిహార్సలులో, పెద్దాయన కదా, లోతు గొంతు కదా అని ఆ పాటను ఠీవిగా, మెల్లగా మొదలుపెట్టాను. మామ పాడలేదు. నా దగ్గరికొచ్చి కీబోర్డు మీద చెయ్యి పెట్టి, "బిడ్డా, పీన్గను మోస్తున్నవా ఏంది?" అన్నాడు. క్వయర్ అంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఇంటికెళ్లాక కసికొద్దీ రెండు రోజులు సాధన చేసి, ఆదివారం ఆయన్ని ఉరికించాలని వాయించాను. ఆయన హాయిగా నా పక్కనే పరుగెత్తాడు. కల్లంలో ఆరబోసిన వడ్లలా ఏ స్వరానికి ఆ స్వరం విడిగా వినిపించింది. అయిపోయాక నా వైపు చూసి తలూపాడు. అప్పటి నుంచి మేమిద్దరం ఒక పార్టీ.

అలాగని ఆయనకు వేగం పిచ్చి అనుకోకండి. అదే ఓరటోరియోలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి గురించి ఇంకో పాట ఉంది. దాన్ని ఎవరూ పాడలేనంత మెల్లగా పాడేవాడు. "గీడ ఉరికితే మనిషివే కాదు" అనేవాడు. ఆ పాట కూడా ముందు చెప్పి చూసుకునేవాడు, గొణుగుతున్నట్టు.

సాయంత్రాలు ఇంటి ముందు అరుగు మీద సాధన. పక్కనే అత్త ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆకు తీసుకోవడం, తంబాకు వేయడం, చుట్టడం, దారం బిగించడం, అన్నీ మామ పాటకు సరిగ్గా పడేవి. అత్త ఎన్నడూ పాటను మెచ్చుకోలేదు. చర్చిలో కూడా పాడేది కాదు. మామ ఏ చరణంలోనైనా ఆదమరచి కాస్త సాగదీశాడనుకోండి, తల ఎత్తకుండానే "నా చెయ్యి ఆగుతున్నది" అనేది. మామ నాలుక కరుచుకుని మళ్లీ మొదటి నుంచి అందుకునేవాడు. పాస్టరు గారి మాట విననివాడు ఈ ఒక్క మాట వినేవాడు.

ఒకసారి అయిదారు ఊళ్ల క్వయర్లు కలిసి పాడాలని పట్నం నుంచి ఒక సంగీతం మాస్టారు వచ్చాడు. మామ గొంతు విని కుర్చీలోంచి లేచాడు. అంతా బాగుంది గానీ, ఆ వేగం మాత్రం ఆయనకు నచ్చలేదు.

"బేస్ అంటే రాజు నడిచినట్టు ఉండాలండీ. రాజు పరుగెత్తడు కదా" అన్నాడు.

"సార్, గీ పాటల రాజు లేడు" అన్నాడు మామ. "ఎనకనించి ఫౌజు తరుముతుంటే పిల్లజెల్లను ఎత్తుకొని ఉరుకుతున్న జనం ఉన్నరు. మీరు చెప్పినట్టు పాడితే సముద్రం చీలేసరికి ఫౌజొచ్చి మీద పడ్తది."

మాస్టారు ఆ పాటను ఇంకొకరికి ఇచ్చాడు. ఆ మనిషి నిండుగా, నెమ్మదిగా పాడి చప్పట్లు కొట్టించుకున్నాడు. మామ వెనక వరసలో నిలబడి గుంపు పాటలన్నీ మనసు పెట్టి పాడాడు, ముఖం ముడుచుకోలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేనే ఉండబట్టలేక, ఒక్కరోజుకు ఒప్పుకుంటే ఏం పోయేది మామా అన్నాను. "ఏం పోదు బిడ్డా. గని పాడంగ నాకే అబద్ధం చెప్తున్నట్టుంటది" అన్నాడు. మొండిమనిషి. నాకు ఆ మొండితనమే ఇష్టం.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. పోయిన ఈస్టర్ నాటికే మామ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని దవాఖానలో చెప్పారు. అయినా పాడతానన్నాడు. ఆరోజు ఆయన పలచబడ్డ భుజాలు చూసి నా మనసు కరిగింది. ఆయన వేళ్లతో చూపించిన వేగం కన్నా మెల్లగా మొదలుపెట్టాను. పాపం, తట్టుకోలేడేమో అనుకున్నాను. 'నీళ్లు' అన్న మాట సగంలో ఆయన ఊపిరి అయిపోయింది. మామ రెండు సార్లు ఊపిరి పీల్చుకుని, తెగిన చోటి నుంచి అందుకుని పూర్తి చేశాడు.

బయట చెప్పులు వేసుకుంటూ నన్ను పిలిచాడు. "నా మీద జాలి పడ్డవు. మెల్లగ కొడితే ఊపిరి ఇంకెక్కువ గావాలె. గా సంగతి నీకు తెల్వదా?"

తెలుసు. ఇన్నేళ్లు ఆయన పక్కన కూర్చున్నదాన్ని, నాకు తెలియకపోవడమేమిటి? జాలిలో మరిచిపోయాను.

"ఫికర్ జెయ్యకు. ఇంకోసారి పాడ్త. అప్పుడు నా స్పీడ్ల కొట్టు" అన్నాడు. ఆ ఇంకోసారి రాలేదు.

గురువారం మధ్యాహ్నం చర్చిలో మామ అంత్యక్రియల ఆరాధన. ఆ పాట పాడాలని క్వయర్ అనుకుంది. ఒక్క గొంతుకు రాసిన పాటను మా బేస్ వాళ్లు నలుగురూ కలిసి, ఒకరి ఊపిరి అయిపోతే ఇంకొకరు అందుకుంటూ పాడతామన్నారు. సంఘ పెద్ద నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఇయ్యాల జర మెల్లగ కొట్టు. సావు కాడ ఉరికే పాటేంది? జనం ఏమనుకుంటరు?"

"అనుకోనీయండి పెద్దయ్యా. మామకు నేను మెల్లగ కొట్టను" అన్నాను. గొంతు కొంచెం పెద్దదే అయింది. ముందు వరసల వాళ్లు తిరిగి చూశారు.

అంత మాట అనేసి కీబోర్డు ముందు కూర్చున్నాక చూస్తే, వేగం గుర్తు రావడం లేదు. మామ చేసినట్టే వాక్యాన్ని లోలోపల చెప్పి చూసుకోబోయాను. రెండో మాట దాటి ముందుకు పోలేకపోయాను. ఆయన పాట రికార్డు అంటూ ఫోన్లలో ఉన్నది ఒక్కటే, నేను మెల్లగా వాయించి ఆయన ఊపిరి తెంపిన ఆ ఈస్టర్ది. ఇంకో పదేళ్లకు ఎవరైనా వింటే, మామ అలాగే పాడేవాడనుకుంటారు. నేను ఇప్పుడు తప్పితే ఆయన వేగం భూమ్మీద ఎక్కడా మిగలదు. నలుగురూ నా చేతుల వైపు చూస్తున్నారు. ఎలాగో ధైర్యం చేసి మొదలుపెట్టాను. నాలుగు స్వరాలు పలికాయో లేదో, శవపెట్టె పక్కన కూర్చున్న అత్త గొంతు వినిపించింది.

"చెయ్యి ఆగుతున్నది, బిడ్డా."

వాయించడం ఆపి అటు చూశాను. అత్త తల వంచుకునే ఉంది. ఒళ్లో చాట లేదు, ఆకు లేదు, తంబాకు లేదు. తెల్లచీర మీద రెండు చేతుల వేళ్లూ మాత్రం కదులుతున్నాయి. తీసుకోవడం, వేయడం, చుట్టడం, బిగించడం. అరుగు మీద ఇన్నేళ్లు చూసిన అదే వేగం, వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

ఆ వేళ్లను చూస్తూ మళ్లీ మొదలుపెట్టాను. నలుగురూ అందుకున్నారు. 'నీళ్లు' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి చర్చి కిటికీ అద్దాలు మోగాయి. ఈస్టర్ నాడు తెగిన చోటును దాటి పాట అలాగే ముందుకు ఉరికింది. అత్త తల ఎత్తలేదు. ఆమె చెయ్యి ఆగలేదు.